లోపల వదిలిన గుడ్డ

ముందు కత్తెర వినిపించేది. మనిషి ఆ తర్వాత.

కర్ర్, కర్ర్ అంటూ గుడ్డ పొడవునా నడిచి, చెక్కబల్ల అంచుకు వచ్చేసరికి టక్కుమని ఆగే చప్పుడు. నేను అద్దెకున్న గది సరిగ్గా ఆ దర్జీ బల్లకు పైన. పొద్దున కళ్ళు తెరవకముందే ఆ చప్పుడు నేలలోంచి పాదాల్లోకి ఎక్కేది. కొన్నాళ్ళకు దాన్నిబట్టే కింద ఏం కోస్తున్నారో చెప్పగలిగాను. చొక్కాగుడ్డ గుసగుసలాడేది. కోటుగుడ్డ పళ్ళు కొరికేది.

ఆ ఏడాది ఎండలు తగ్గాక చప్పుడులో ఏదో తేడా వచ్చింది. కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయేది. వీధిలో ఎవరిదో సైకిలు గంట, కుళాయి కింద బకెట్టు నిండుతున్న ధార, అంతే. కాసేపటికి మళ్ళీ కర్ర్ అని మొదలయ్యేది, దారి అడిగి తెలుసుకున్న మనిషిలా.

"మధ్యలో ఎందుకు ఆపుతున్నారు మాస్టారూ?" అని ఒకరోజు మెట్లు దిగుతూ అడిగాను.

"నేనెక్కడ ఆపాను బాబూ, కత్తెరే ఆగుతోంది. పదును పోయింది. సాన పెట్టించాలి," అన్నాడు.

సాన పెట్టించాడు కూడా. ఆ తర్వాతా అది మధ్యలో ఆగుతూనే ఉంది.

వీధిలో అందరూ ఆయన్ని టేపు మాస్టారు అనేవారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. కొలతలు తీసుకునేటప్పుడు కళ్ళు సగం మూసేవాడు. మన భుజాలు, నడుము ఆయనకు ఎక్కడో దూరంగా కనిపిస్తున్నట్టుండేది. దుకాణం ఒకటే గది. రెండు మిషన్లు, గోడ పొడవునా బల్ల, పైన తీగకు వేలాడే సగం కుట్టిన కోట్లు. మధ్యాహ్నం ఎండ వాటి చేతుల్లోంచి దూరి నేల మీద పడేది. గుమ్మం పక్కన పొట్టి స్టూలు మీద ఆయన భార్య కూర్చునేది. చొక్కా గుండీలకు కాజాలన్నీ ఆవిడే చేతితో కుట్టేది. ఆవిడని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. సూదిలో దారం ఎక్కించాల్సి వస్తే, "తమ్ముడూ, నీ కళ్ళు ఓసారి అప్పివ్వు," అని పైకి కేకేసేది.

మాస్టారి పనిలో ఒక పద్ధతి ఉండేది. ప్యాంటు ఎవరిదైనా సరే, నడుము వెనక కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలేవాడు. సాఫుగా కనబడుతుందని మిగతావాళ్ళు దాన్ని కోసి పారేస్తారట. "మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు బాబూ. అప్పుడు నా మొహం చూస్తాడు. నేనేం చూపించను?" అనేవాడు. నిజంగానే చూసేవారు. పాత ప్యాంటు చంకలో పెట్టుకుని, కాస్త సిగ్గుపడుతూ వచ్చేవారు. ఆయన ఒక్క ప్రశ్న వేసేవాడు కాదు. కుట్టు విప్పి, కాస్త వదిలి, మళ్ళీ కుట్టి, పాత సూది చుక్కలు కనబడకుండా తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. వేసుకుని అద్దం ముందు నిలబడితే తామేమీ మారలేదని అనిపించేది వాళ్ళకు. ఆ అనిపించడం ఎంత ఖరీదైనదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆయనకు షుగర్ ఎప్పటినుంచో ఉంది. మాత్రలు మానేవాడు కాదు. రక్తపరీక్ష అయిన రోజు కాగితం మడిచి టోపీలా నెత్తిన పెట్టుకుని, "చూడండి, షుగరు నా చెప్పుచేతల్లో ఉంది. చెప్పులు మాత్రం ఈవిడ చెప్పుచేతల్లో ఉన్నాయి, దాచేసింది," అని నవ్వించేవాడు. అక్క మూతి తిప్పుకుని చెప్పులు తెచ్చి ఇచ్చేది. టీలో చక్కెర మానేసి, ఆ టీలో బిస్కెట్లు ముంచుకు తినేవాడు. బిస్కెట్టు తీపి కాదని ఆయన లెక్క.

కుడి డొక్కలో బరువుగా ఉందని, తిన్నది అరగడం లేదని ఆసుపత్రికి వెళితే స్కాను తీశారు. ఆ రిపోర్టును అక్క సొంత తమ్ముడు దుకాణంలో నిలబడి గట్టిగా చదివాడు. అతను బస్సు కండక్టరు. సెలవు దొరికితే ఇక్కడే తేలేవాడు. బస్సులో స్టాపులు అరిచినట్టే ఏదైనా అరిచి చదివేవాడు.

"లివర్ నిండా కొవ్వట బావా! గ్రేడ్ టూ అట. బళ్ళో కూడా నీకెప్పుడూ ఇంత మంచి గ్రేడు రాలేదు."

మాస్టారు నవ్వాడు. నేనూ నవ్వాను. గుమ్మం దగ్గర సూది ఆగిపోయింది.

"ఏంటన్నావు?" అంది అక్క.

"లివరక్కా."

ఆవిడ చేతిలో చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ తండ్రి తాగి తాగి పోయాడు. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, కాళ్ళు పుల్లలై పోయాడు. ఆసుపత్రి వరండాలో డాక్టరు ఆవిడ తల్లితో ఒకే ఒక్క మాట అన్నాడట, లివర్ అని. చిన్నపిల్లగా ఆవిడ విన్న ఆ మాటకు ఇంకో అర్థం ఎన్నడూ లేదు. పెళ్ళి కుదిర్చేటప్పుడు కూడా ఉద్యోగం ఏమిటి, ఇల్లు ఎక్కడ అని అడగలేదట. తాగుతాడా అని అడిగింది. తాగడు అన్నారు. అయితే సరే అంది.

"ఎక్కడ తాగుతున్నారు?" అని అడిగింది ఇప్పుడు భర్తని.

మాస్టారు అది పరాచికం అనుకున్నాడు. "బాబిను డబ్బాలో దాచానే, మూత తీసి చూడు," అన్నాడు.

ఆ ఒక్క నవ్వుతో పని చెడింది.

మర్నాటినుంచి అక్క కాజాలు మానేసింది. గొడవ పడలేదు, ఏడవలేదు. స్టూలు మీద ఎప్పట్లాగే కూర్చునేది, వీధి చూస్తూ. కుట్టడం పూర్తయిన చొక్కాలు ఆవిడ పక్కన పేరుకుపోయాయి. ముందు భాగం రెండుగా తెరుచుకుని, మూసుకునే దారి లేక అలా పడి ఉండేవి. అడిగినవాళ్ళకి మాస్టారు, "కాజాలావిడ సమ్మెలో ఉంది," అనేవాడు. మొదట నవ్వుతూ, తర్వాత నవ్వకుండా.

ఆవిడ ఆయన చొక్కాలు ఉతికే ముందు కాలరు వాసన చూడటం నేను మేడ మీద నుంచి చూశాను. ఆయనా చూశాడు.

ఆ తర్వాత ఆయన బుర్రంతా ఒకే పనిలో పడిపోయింది, తాను తాగలేదని రుజువు చేయడం. దుకాణం తలుపులు రెండూ ఎప్పుడూ బార్లా తెరిచి పెట్టేవాడు. దారం కొనడానికి వెళ్ళినా అక్కని వెంట రమ్మనేవాడు. ఒకరోజు మెట్లెక్కి నా గదికే వచ్చాడు. పైమెట్టు మీద నిలబడి, గోడకు చెయ్యి ఆనించి, మాట వచ్చేదాకా చాలాసేపు ఎదురుచూశాడు.

"మీరు పైన ఉంటారు కదా బాబూ. అన్నీ వినబడతాయి. నేను తూలుతూ వచ్చిన అలికిడి ఎప్పుడైనా విన్నారా? ఆవిడతో ఆ ముక్క చెప్పండి."

"చెప్తాను మాస్టారూ. ముందు కూర్చోండి. ఆయాసపడుతున్నారు."

"మెట్లు బాబూ, మెట్లు. ఇవి కట్టినవాడెవడో తాగి కట్టాడు."

చెప్పాను. అక్క విని, "మా నాన్న కూడా తూలేవాడు కాదు తమ్ముడూ," అంది.

నిజానికి ఆయనకే అనుమానం మొదలైంది. దగ్గు మందులో ఏదైనా కలుస్తుందా? పెళ్ళిళ్ళలో ఇచ్చే రంగు నీళ్ళలో? తెలియకుండా ఎవరైనా పోశారా? తాను చేయని తప్పు తన పొట్టలో రాసి ఉంటే దాన్ని ఏమనాలో ఆయనకు తోచలేదు. కండక్టరు బామ్మర్ది ఊరుకునేవాడా? "తాగకుండా తాగుబోతు లివర్ సంపాదించావు బావా. టికెట్టు కొనకుండానే చివరి స్టాపు దాకా వచ్చేశావు," అనేవాడు. అక్క ఎర్రగా చూస్తే బయటికి పోయేవాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్కాను చూసిన డాక్టరమ్మ, గుండె పరీక్షలు చేయించుకుని రమ్మని చెప్పింది. అదెందుకో మాస్టారికి అంతుపట్టలేదు.

"డొక్కలో బరువంటే గుండె చూపించుకోమంటుందేంటి బాబూ? చొక్కా కొలతలిచ్చిన వాడికి నేను ప్యాంటు కుట్టి ఇస్తే ఊరుకుంటాడా? ఎవరిదో చీటీ నాకిచ్చి ఉంటుంది, పాపం. చీదుకుంటూ రాసింది, జలుబులో ఉంది."

ఆ పరీక్షలు పక్కన పెట్టేసి, మందుల షాపువాడు ఇచ్చిన లివర్ టానిక్కు ఒకటి తెచ్చుకుని ఉదయం సాయంత్రం తాగడం మొదలుపెట్టాడు. ముదురు గోధుమ రంగులో, చేదుగా ఉండేది. సీసా ఎత్తి తాగుతున్న ఆయన్ని అక్క తల తిప్పకుండా చూసేది.

ఆ స్కాను చీటీ పట్టుకుని గుండె పరీక్షలకు వెళ్ళడం అంటే లివర్ సంగతి ఒప్పుకున్నట్టవుతుందని ఆయన భయమేమో. ముందు ఇంట్లో నిర్దోషి కావాలి, ఆ తర్వాతే రోగి కావాలి. ఈలోగా కింద కత్తెర ఇంకా ఎక్కువసార్లు ఆగేది. ఆ నిశ్శబ్దాలు నా గదిలోకి వచ్చి కూర్చునేవి. చదువుతున్న పుస్తకంలో వాక్యం మధ్య నేనూ ఆగిపోయి, అటునుంచి కర్ర్ అనే దాకా ఎదురుచూసేవాణ్ణి. చెప్పాలా? ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి, మీ ఆయన కత్తెర ఆగుతోందనా?

ఒక మధ్యాహ్నం కత్తెర ఆగింది. మళ్ళీ మొదలవలేదు.

నేను మెట్లు దిగేసరికి మాస్టారు బల్ల కాలికి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం సుద్దముక్క రంగులో ఉంది. మెడ, నుదురు తడిసిపోయి ఉన్నాయి. ఎడమ భుజాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడు. బల్ల మీద నీలం కోటుగుడ్డ. రిటైరవుతున్న లెక్కల టీచరుది. కత్తెర సుద్ద గీత వదిలేసి, ఎక్కడికో తన దారిన తాను నడిచి, గుడ్డను అడ్డంగా చీల్చేసి ఆగింది. ఆయన కళ్ళు నొప్పి మీద లేవు, ఆ గుడ్డ మీద ఉన్నాయి.

అక్క నాకంటే ముందే ఆయన పక్కన ఉంది. ముందు ఆవిడ చేసిన పని, వంగి ఆయన నోటి వాసన చూడటం.

అలా ముఖం ముఖానికి దగ్గరగా పెట్టి కాసేపు ఉండిపోయింది. ఏ వాసన ఉంటుంది? టానిక్కు చేదు, టీలో తడిసిన బిస్కెట్టు, సుద్ద పొడి. ఆవిడ లేచినప్పుడు ముఖంలో కోపం లేదు, ఊరటా లేదు. దారి మధ్యలో ఎటు వెళ్ళాలో మరిచిపోయినవాళ్ళకు ఉండే చూపు.

"తమ్ముడూ, ఆటో పిలువు," అంది.

ఆసుపత్రిలో గుండె గీతలు తీశారు, రక్తం తీశారు, నాలుక కింద మాత్ర పెట్టారు. సాయంత్రానికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు, మెడలో టేపు అలాగే ఉంది. జలుబు డాక్టరమ్మ వచ్చింది. నిజంగానే చీదుతోంది.

"నేను చెప్పిన గుండె పరీక్షలు ఏమయ్యాయి?"

"మీరు పొరపాటున చెప్పారనుకున్నానమ్మా," అన్నాడు మాస్టారు.

"పొరపాటా?"

"డొక్క కోసం వచ్చాను కదా. పైగా నేను తాగను. ఈవిణ్ణి అడగండి... వద్దులెండి, ఈవిణ్ణి అడక్కండి."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "తాగనక్కర్లేదండీ. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి తాగకపోయినా లివర్లో కొవ్వు చేరుతుంది. నొప్పి ఉండదు, గోల ఉండదు. నడుము దగ్గర ఒళ్ళు పెరుగుతుంటే లోపల కూడా పేరుకుంటూ ఉండొచ్చు."

"ఒళ్ళా? నాకు ఒళ్ళెక్కడ పెరిగిందమ్మా!" మాస్టారు ఈసారి నిజంగా లేచి కూర్చున్నాడు. ఇంతకాలానికి తన చేతికి ఒక రుజువు దొరికింది. "ఈ ప్యాంటు పెళ్ళికి ముందు కుట్టుకున్నది. ఇప్పటికీ అదే. బిగుతంటే ఏంటో తెలీదు నాకు. కావాలంటే కొలవండి." టేపు తీసి తన నడుముకు తానే చుట్టుకున్నాడు. చుట్టుకుంటూ, చేతికి అలవాటైన పని కనుక, వదులు ఉండేలా టేపు కింద రెండు వేళ్ళు దూర్చాడు.

అక్క ఆ వేళ్ళను చూసింది. మంచం దగ్గరికి వచ్చి, ఆయన వెనక ప్యాంటు నడుము పట్టీ పట్టుకుని లోపలివైపు తిప్పింది.

లోపల పాత సూది చుక్కలు. ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, దాని పక్కన ఇంకోటి. నీళ్ళు తగ్గిపోయిన ఒడ్డు మీద మిగిలే గీతల్లా, కానీ ఇక్కడ నీళ్ళు పెరుగుతూ వచ్చాయి. మొదట్లో వదిలిన రెండు వేళ్ళ గుడ్డలో ఒక్క నూలుపోగు మిగల్లేదు. ఆఖరి వరస అవతల వేరే గుడ్డతో అతికిన మూడు మూలల ముక్క ఒకటి ఉంది. అంత సన్నటి చేతికుట్టు దుకాణంలో ఒక్కరిదే.

"ఆ అతుకు నేనే వేశాను," అంది అక్క మెల్లగా. "మొన్నటి చలికాలంలో. మీరు నిద్రలో ఉన్నప్పుడు. ఇక వదలడానికి గుడ్డ లేదంటే మీరు బాధపడతారని."

మాస్టారు చెయ్యి వెనక్కి పెట్టి ఆ వరసల మీద వేళ్ళు నడిపాడు. తాను కుట్టినవే. ఒక్కోసారి కాస్త, ఎప్పుడూ కాస్తే. వందలమందికి చేసినట్టే తనకూ చేసుకున్నాడు, ఒక్క ప్రశ్న వేసుకోకుండా.

"మరి షుగరు బాగానే ఉందిగా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"అంకె బాగుంది, సంతోషం. కానీ ఆ ఒక్క అంకె చూసుకుని కూర్చుంటే కాదు. లివర్లో కొవ్వు ఉన్న షుగర్ మనిషికి గుండె మీద కన్నేసి ఉంచాలి. బీపీ, కొలెస్ట్రాలు, నడుము అన్నీ చూసుకోవాలి. ఇలాంటివాళ్ళలో లివర్ చెడి పోయేవాళ్ళకంటే గుండె ఆగి పోయేవాళ్ళే ఎక్కువ. అందుకే చెప్పాను ఆ పరీక్షలు."

"అయితే అసలు నా జబ్బు ఏదమ్మా? షుగరా, లివరా, గుండెనా?"

డాక్టరమ్మ ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "మూడూ ఒకదాన్నొకటి లాగుతున్నాయి. ఏది ముందు లాగిందో నేనూ చెప్పలేను. ఆ టానిక్కు మాత్రం పారేయండి."

మర్నాడు గుండె రక్తనాళాల్లోకి మందు పంపి చూశారు. ఒకదానిలో దారి బాగా ఇరుకైపోయిందట. స్టెంటు వేశారు. అది వేస్తున్నంతసేపూ అక్క బయట బల్ల మీద కూర్చుని కాజాలు కుట్టింది. కాజాల్లేని చొక్కాలు సంచీ నిండా తెచ్చుకుంది. తప్పయిందని ఆవిడ ఆయనతో అనగా నేను వినలేదు. దారం మాత్రం ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను. ఒక చొక్కాకు ఉండాల్సిన వాటికంటే ఒక కాజా ఎక్కువ కుట్టింది. చూసుకుని, విప్పకుండా అలాగే ఉంచేసింది.

ఇంటికి వచ్చాక మాస్టారు రోజూ పొద్దున అక్కతో కలిసి నడిచేవాడు. బిస్కెట్ల డబ్బాలో గుండీలు పోశారు. ఎవరైనా ఏమైందని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పేవాడు. ఒకరితో గుండె అనేవాడు, ఒకరితో షుగరు అనేవాడు. బామ్మర్ది అయితే, "లివర్లో కొవ్వు కరిగి గుండెలోకి కారింది," అని బస్సంతా చాటాడు. అది తప్పని మాస్టారికి తెలుసు. కానీ ఒప్పు ఏమిటో చెప్పమంటే తడబడేవాడు. "నాకు అర్థమైనట్టే ఉంటుంది బాబూ, గుమ్మం దాటేసరికి జారిపోతుంది," అనేవాడు. నాకూ అంతే. ఒంటి లోపల ఒక చోట ఏదో చేరుతుంది, ఇంకో చోట నొప్పి పుడుతుంది, మూడో చోట అంకె చక్కగా నవ్వుతూ ఉంటుంది. మధ్యలో ఎవరు ఎవరికి కబురు చేరవేస్తారో ఎలా తెలుస్తుంది? లెక్కల టీచరు మాత్రం చీలిన గుడ్డకు ఏమీ అనలేదు. కోటు పొట్టిదైతే గాలాడుతుంది అన్నాడట.

చలికాలం ముగిసేసరికి నాకు వేరే ఊళ్ళో పని దొరికింది. గది ఖాళీ చేస్తున్న పొద్దున కింద కత్తెర నడుస్తోంది. ఇప్పటికీ మధ్యలో ఆగుతోంది. అయితే ఆగిన ప్రతిసారీ అక్క గొంతు వినబడుతోంది, "ఊ?" అని. ఆయన "ఊ" అంటాడు. మళ్ళీ కర్ర్.

కుట్టించుకున్న ప్యాంటు కోసం దుకాణంలోకి వెళ్ళాను. మాస్టారు తనకు తాను నడుము కొలుచుకుంటున్నాడు. టేపు కింద వేళ్ళు లేవు. కొలత చూసి ముఖం చిట్లించి, టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. నా ప్యాంటు మడత విప్పి, నడుము పట్టీ లోపలివైపు తిప్పి చూపించాడు. కుట్టు అంచు వెంట గుడ్డ సన్నగా కోసేసి ఉంది.

"ఈసారి లోపల గుడ్డ వదల్లేదు బాబూ. బిగుతైతే నా దగ్గరికి తేవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి," అన్నాడు. ప్యాంటు నా చేతిలో పెట్టి, వదలకుండా కాసేపు పట్టుకునే ఉన్నాడు. "ఆ... తేవద్దంటే మళ్ళీ ఎలా వస్తారు? తెండి. ఏదో చూద్దాం. కానీ ముందు డాక్టరు."